మా పెయ్యకు పులిపిర్లు లేచిన ఎండాకాలం

రండి, ఇలా దగ్గరికి జరగండి. కుర్చీలో ఉన్నవాళ్ళు కుర్చీతో సహా జరగండి. కింద కూర్చోగలిగిన మోకాళ్ళు ఉన్నవాళ్ళు నా కాళ్ళ దగ్గర కూర్చోండి. చేతిలో ఫోను ఉంటే కాసేపు బోర్లా పెట్టండి. చెప్పబోయేది పులిపిర్ల సంగతి. మొహాలు అలా చిట్లించకండి, మనుషులవి కాదు, ఒక పెయ్యదూడవి. అవి ఎక్కడెక్కడ లేచాయో, వాటికి డాక్టర్లు ఏమేం పేర్లు పెట్టారో, వాటి మూలంగా మా మనవరాలు ఎండాకాలమంతా ఎలా అల్లాడిపోయిందో నాకు పూసగుచ్చినట్టు జ్ఞాపకం. నేను బళ్ళో చదివింది తక్కువ. అయిదో క్లాసులో ఉండగానే మా నాన్న నా చేతిలో పలక తీసుకుని పలుపుతాడు పెట్టాడు. రాసిపెట్టుకునే అలవాటు లేనివాళ్ళు ఏదైనా బుర్రలోనే దాచుకోవాలి గదా. అలా దాచుకున్నదే ఇది.

మా అమ్మాయి వాళ్ళు ఉండేది పైదేశంలో, ట్రాయ్ అనే ఊళ్ళో. అల్లుడుగారు కార్ల కంపెనీలో తలుపులు చూస్తారు. తలుపులంటే తలుపులే. కారు తలుపు మూసినప్పుడు ఏ చప్పుడు రావాలో, దాని రంగు ఎండలో ఎలా కనిపించాలో, అదంతా ఆయన పని. ఇంట్లో ఎవరైనా ఫ్రిజ్ తలుపు ధడాలున వేస్తే ఆయనకి గుండెల్లో కలుక్కుమంటుంది. వాళ్ళకి ఒక్కతే కూతురు, అక్కడే పుట్టి అక్కడే పెరిగిన పిల్ల. అప్పటికి ఏడో క్లాసు. ఆ ఏడు నేనూ వాళ్ళ దగ్గరే ఉన్నాను.

ఆ పిల్ల కుక్క కావాలని పోరు పెట్టింది. అల్లుడుగారికి కుక్క బొచ్చు పడదు, తుమ్ములే తుమ్ములు. "కుక్క వద్దురా బంగారం, ఇంకేమన్నా అడుగు, చూద్దాం" అన్నారు. 'ఇంకేమన్నా' అనే మాట పిల్లల ముందు అనకూడదు. ఆ పిల్ల లోపలికి వెళ్ళి, తిరిగొచ్చి, "అయితే ఆవు" అంది.

అక్కడ అలాంటి ఏర్పాటు ఒకటుందట. పొలాల్లేని పిల్లలకి పాడి రైతులు ఎండాకాలానికి ఒక దూడని అప్పగిస్తారు. పిల్లలు వెళ్ళి దానికి మేత వేసి, ఒళ్ళు రుద్ది, తాడు పట్టుకుని నడిపించడం నేర్పి, ఆగస్టులో జరిగే సంతలో అందరి ముందూ ఒక గుండ్రటి బరిలో తిప్పి చూపిస్తారు. సంత అయిపోయాక దూడ మళ్ళీ రైతు మందలోకి పోతుంది.

అంతా విని అల్లుడుగారు, "ఆవు వాళ్ళదే, పాలు వాళ్ళవే, పేడ మాత్రం మనం ఎత్తాలా? ఇదేం లీజు? కారు లీజుకి తీసుకుంటే కనీసం ఎక్కి తిరుగుతాం" అన్నారు.

"డాడీ, యూ సెడ్ ఇంకేమన్నా" అంది పిల్ల. ఆయన నోరు మూసుకున్నారు, మెత్తగా, మంచి తలుపు మూసుకున్నట్టు.

మాకు దూడని అప్పగించిన పాడి రైతు ఇల్లు ట్రాయ్‌కి ఉత్తరాన, కార్లో వెళ్తే గంటసేపు ప్రయాణం. డ్రైవ్ చేసేది మా అమ్మాయి. కానీ అక్కడికి వెళ్ళాక చెవులకి ఆ యంత్రం తగిలించుకుని, కార్లోనే కూర్చుని ఆఫీసు మీటింగు నడిపేది. "అమ్మా, నువ్వు దానితో వెళ్ళు, ఈ కాల్ అయిపోగానే వచ్చేస్తా" అనేది. ఆ కాల్ ఏప్రిల్‌లో మొదలై ఆగస్టు దాకా అయిపోలేదు. అందుకని పెయ్యకి అసలు పెద్దదిక్కుని నేనే అయ్యాను.

పెయ్యని మొదటిసారి చూసినప్పుడు నాకు కాస్త దిగులేసింది. మాది ఒంగోలు పక్క. మూపురం లేని ఆవు నా కంటికి గోపురం లేని గుడిలా ఉంటుంది. ఇది నలుపూ తెలుపూ మచ్చలతో, వీపు మీద అన్నం వడ్డించవచ్చు అన్నంత బల్లపరుపుగా ఉంది.

"దీని మూపురం ఏదే?" అన్నాను.

"హంపా? అమ్మమ్మా, అది కామెల్‌కి ఉంటది" అంది పిల్ల జాలిగా.

అది ఆ పెయ్యకి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టుకుంది. నేను పెయ్య అనే పిలిచాను. అది నా పిలుపుకే చెవి తిప్పేది, నా దగ్గర అరటితొక్కలు ఉంటాయి కాబట్టి.

ఇప్పుడు అసలు విషయం. పిల్లకి కావలసింది ఒక్కటే, ఆ బరిలోకి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని పెయ్యని పట్టుకుని నడవడం. అందరి ముందూ ఒక్కసారి. ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్‌ని పెయ్య అనుకుని దాని గొట్టం పట్టుకుని, తల పైకెత్తి హాల్లో గుండ్రంగా నడిచేది. మధ్యలో ఆగి, గొట్టం నిమిరి, మళ్ళీ నడిచేది. మా అమ్మాయి మీటింగులో ఎవరో, "మీ వెనకాల ఏం జరుగుతోంది?" అని అడిగారట.

మే నెలలో ఒకరోజు నేను పెయ్య మెడ గోకుతుంటే వేలికి గరుగ్గా తగిలింది. వెంట్రుకలు విడదీసి చూస్తే మినపగింజంత బుడిపె. కంటి పక్కన ఇంకోటి. తర్వాత వారానికి అవి శనగగింజలయ్యాయి. గంగడోలు మీద, చెవి కింద కొత్తవి లేచాయి. మెడ మీదిది ఏకంగా కాలీఫ్లవర్ ముక్కలా విచ్చుకుంది.

"పులిపిర్లు" అన్నాను. "మా అత్తగారు ఉలిపిరికాయలు అనేది."

"కాయలా? లైక్, బెండకాయా?" అంది పిల్ల మొహం ముడుచుకుని.

"అన్నంలోకి కాదులే" అన్నాను.

అక్కడి రైతు భార్య నా ఈడుదే. ఆవిడ మోకాళ్ళూ నా మోకాళ్ళ ఈడువే. నాకు ఆవిడ ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, ఆవిడకి నా చేతులు మొత్తం అర్థమయ్యేవి. ఆవిడ పెయ్యని చూసి పెదవి విరిచింది. పిల్లని పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. సంత గేటు దగ్గర పశువుల డాక్టరు ప్రతి దూడనీ తడిమి చూస్తారట. ఒక్క పులిపిరి కనబడినా లోపలికి రానివ్వరట. పక్క దూడలకి అంటుకుంటుందని. అది రూలు, ఎవరైనా సరే, వచ్చిన బండిలోనే వెనక్కి.

పిల్ల అక్కడే గడ్డి మీద కూర్చుని, పెయ్య మూతి ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆ మాత్రం చూడలేక బయటికి వచ్చి, కార్లో మీటింగులో ఉన్న మా అమ్మాయిని అద్దం మీద కొట్టి పిలిచాను. అది "మ్యూట్, మ్యూట్" అని వేలు చూపించింది. నేను నిజంగానే నోరు మూసుకున్నాను.

ఊరి పశువుల డాక్టరు వచ్చి చూశాడు. పొడుగాటి మనిషి, నింపాదిగా మాట్లాడతాడు. ఆయన చెప్పినదాన్ని పిల్ల నాకు తెలుగు చేసి చెప్పింది. ఇది ఒక వైరస్ వల్ల వస్తుంది. లేత వయసు దూడలకి మామూలే. తాడు నుంచి, బ్రష్ నుంచి ఒకదాని నుంచి ఒకదానికి అంటుతుంది. మనుషులకి అంటదు. మందు అక్కర్లేదు, దాని ఒళ్ళే నేర్చుకుని వాటిని రాలగొట్టుకుంటుంది. కొన్ని నెలలు పడుతుంది.

"ఆగస్టు లోపల పోతాయా?" అని పిల్ల అడిగింది.

"పోవచ్చు, పోకపోవచ్చు" అన్నాడాయన. డాక్టర్లు అన్ని దేశాల్లోనూ ఒకటే.

ఆ రోజు నుంచి కార్లో మా చదువు మొదలైంది. బరిలో తిప్పేటప్పుడు జడ్జి ఆగి, దూడ గురించి, దాని జబ్బుల గురించి ప్రశ్నలు అడుగుతాడట. అందుకని పిల్ల ఆ పేర్లన్నీ బట్టీ పట్టేది. వెనక సీట్లో దాని పక్కన కూర్చుని నేనూ పట్టాను. చెవిలో పడ్డ మాట నా దగ్గర్నుంచి పోదు. కాకపోతే కొత్త మాటని ఊరికే ఉంచుకోలేను, ఇంట్లో ఏదో ఒక కొక్కేనికి తగిలించాలి.

"పాపిల్లోమా" అంది పిల్ల.

"అంటే పులిపిరి. సరే. తర్వాత?"

"సెసైల్. అంటే, ఫ్లాట్‌గా, స్కిన్‌కి స్టిక్ అయి ఉంటది."

"పెనానికి అంటుకుపోయిన దోసె. తర్వాత?"

"పెడంకులేటెడ్. స్టెమ్ ఉంటది, హ్యాంగ్ అవుతది."

"తొడిమతో వేలాడే వంకాయ."

"అమ్మమ్మా, దిస్ ఈజ్ సైన్స్" అంది పిల్ల కోపంగా. కానీ మర్నాడు నేను వంకాయ కూర తరుగుతుంటే వచ్చి, ఒక వంకాయని తొడిమతో పట్టుకుని ఊపి, "పెడంకులేటెడ్" అని దానంతట అదే అని వెళ్ళింది.

అప్పుడే దాని చూపు నా గడ్డం మీద పడింది. నా గడ్డం కింద ఎప్పట్నుంచో ఒక పులిపిరి ఉంది. చిన్నప్పుడు ఈ పిల్ల నా ఒళ్ళో పడుకుని దాన్ని పట్టుకుని తిప్పుతూ నిద్రపోయేది. "అమ్మమ్మా, ఆగు, కదలకు" అని ఫోన్ లైటు వేసి చూసింది. ఏం తేల్చుకుందో చెప్పలేదు. ఊరికే తల ఊపింది, ఆ పొడుగాటి డాక్టరులాగే.

ఇంతలో మా అమ్మాయి ఒక పని చేసింది. పెయ్య మెడ మీద పులిపిర్లని దగ్గర్నుంచి ఫోటో తీసి, మా చుట్టాలందరూ ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద ఒక్క ముక్క రాయకుండా. మీటింగు మధ్యలో పెట్టింది గదా. ఇక చూడండి. హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు ఉల్లిపాయ రసం పొద్దునా సాయంత్రం పూయమంది. ఇర్వింగ్‌లో ఉన్న మా చెల్లెలి కోడలు హోమియోపతి గోళీల ఫోటో పంపింది. మా తోడికోడలు మాత్రం నేరుగా నాకే ఫోన్ చేసింది.

"అక్కా, అల్లుడుగారికి ఎప్పట్నుంచి?" అంది గొంతు తగ్గించి.

"ఏమిటి ఎప్పట్నుంచి?"

"అదే, ఆ మెడ మీద. అంత మంచి మనిషికి ఎంత కష్టం వచ్చింది. మెడ మీద అంత బొచ్చు ఉందని పెళ్ళినాడు తెలియనే లేదు."

నేను నవ్వలేక, ఆపుకోలేక ఫోన్ అమ్మాయికిచ్చాను. ఆ సాయంత్రం అల్లుడుగారు అద్దం ముందు నిలబడి కాలర్ ఎత్తి చాలాసేపు మెడ చూసుకున్నారు. మర్నాడు ఆయన కూడా మాతో పొలానికి వచ్చారు, ఆ మెడకీ ఈ మెడకీ పోలికేమిటో తేల్చుకోవాలనేమో. ముక్కుకి రుమాలు కట్టుకుని, దూరంగా నిలబడి, వంగి, పక్కకి ఒరిగి, వెలుతురు పడేలా చూసి, "ఇలాంటి పెయింట్‌తో డోర్ మా లైన్ దాటి బయటికి పోదు" అన్నారు. పిల్ల వెక్కిళ్ళు పెట్టింది. ఆయన గతుక్కుమని, "పాలిష్ చేస్తే పోతుందిలేరా, పోతుంది" అని తడబడ్డారు.

నాకూ పిల్లకీ మాత్రం ఒక్క విషయంలో రోజూ యుద్ధమే. వెళ్ళగానే అది పులిపిర్లని వేలితో చూపిస్తూ లెక్కపెట్టేది. పోయినసారికీ ఈసారికీ తగ్గాయా అని. మా వైపు పులిపిర్లని లెక్కపెట్టం. వేలెత్తి చూపించం. లెక్కపెడితే అవి వింటాయి, చుట్టాల్ని పిలుచుకొస్తాయి.

"లెక్కపెట్టకే తల్లీ."

"డేటా కావాలి, అమ్మమ్మా."

"వేలు చూపించకే."

"దెన్ హౌ డూ ఐ కౌంట్?"

"అదేగా నేను చెప్పేది!"

నా మాట వినేలా లేదని నేను నా దారి నేను చూసుకున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికైనా పులిపిర్లు వస్తే కల్లుప్పు, మిరియాలు మొక్కుకునేవాళ్ళు. ఉప్పు కరిగినట్టు అవీ కరిగిపోవాలని. గుర్రపు వెంట్రుకతో ముడి వేయడం కూడా ఉంది. పక్క పొలంలో గుర్రం కూడా ఉంది. కానీ డాక్టరు ముట్టుకోవద్దన్నాడని పిల్ల గట్టిగా చెప్పింది. నేను గుర్రం వైపు చూడ్డం మానేశాను. మొక్కుకి డాక్టరు అడ్డం చెప్పలేదు కాబట్టి, మనసులోనే అనుకుని, గుప్పెడు కల్లుప్పు, నాలుగు మిరియాలు జాకెట్టు గుడ్డ ముక్కలో మూటకట్టి, కారు డాష్‌బోర్డు అరలో పెట్టాను. మా అమ్మాయి దాన్ని చూసి, "అమ్మా, ఇదేంటి, దారిలో పోలీస్ ఆపితే ఏం చెప్పమంటావ్?" అంది. "పెయ్యకి మందని చెప్పు" అన్నాను.

జులై నడుమకి వచ్చేసరికి ఒక వింత. కంటి పక్కది ఎండి గోధుమరంగు తిరిగింది. ఒకరోజు పిల్ల ఒళ్ళు రుద్దుతుంటే దానంతట అదే ఊడి బ్రష్‌లోకి వచ్చింది. తర్వాత చెవి కిందవి. తర్వాత గంగడోలు మీదివి. పెనానికి అంటుకున్న దోసెలన్నీ మెల్లగా లేచిపోయాయి. వాటి చోట లేత గులాబీ చర్మం.

"నా మొక్కు" అన్నాను నేను.

"ఇమ్యూన్ సిస్టమ్" అంది పిల్ల.

రైతు భార్య భుజాలు ఎగరేసి, "జులై" అంది. ఆవిడ లెక్కలో జులై అన్నిటికీ మందే.

మిగిలింది ఒక్కటి. ఎడమ దవడ కింద, తెల్ల వెంట్రుకల మధ్యలో, తొడిమతో వేలాడుతున్న వంకాయ. సరిగ్గా నా గడ్డం మీద ఎక్కడుందో అక్కడే. అది మాత్రం కదల్లేదు. సంత వారం వచ్చేసింది. పిల్ల లెక్కపెట్టడం మానేసింది, ఒక్కదానికి లెక్కేముంది. అన్నం కెలికి లేచిపోయేది. వ్యాక్యూమ్ క్లీనర్ అల్మరాలోంచి బయటికి రాలేదు. నేను నా గడ్డం తడుముకుని, "నువ్వుండు, అది పోనీ" అని నా పులిపిరితో ఒప్పందానికి కూడా దిగాను.

సంతకి ముందురోజు పెయ్యకి తలంటు. పైపుతో నీళ్ళు కొట్టి, షాంపూ పోసి, నురగ చేసి రుద్దుతున్నాం. నేను తోక వైపు, పిల్ల తల వైపు. ఉన్నట్టుండి పిల్ల కీచుమని అరిచింది. నేను కాలు తొక్కించుకుందేమో అనుకుని పరిగెత్తాను. దాని అరచేతిలో, నురగ మధ్యలో, తొడిమతో సహా వంకాయ! "ఫెల్ ఆఫ్! అమ్మమ్మా, ఇట్ ఫెల్ ఆఫ్!" అని గంతులేస్తూ, ఆ తడి చేతుల్తోనే నన్ను వాటేసుకుంది. మా అమ్మాయి ఆ అరుపుకి భయపడి మ్యూట్ చేయడం మర్చిపోయి కారు దిగి పరిగెత్తుకొచ్చింది. ఆ మీటింగులో ఉన్నవాళ్ళందరికీ మా పులిపిరి రాలిన సంగతి ఆ విధంగా తెలిసింది.

మర్నాడు సంత. రైతు తన బండిలో పెయ్యని తెచ్చి దించాడు. గేటు ముందు దూడల వరస. మా పెయ్య తళతళలాడిపోతోంది. నలుపు నిగనిగ, తెలుపు మల్లెపువ్వు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆగి, "ఓ, బ్యూటిఫుల్! గార్జియస్!" అంటున్నారు. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు, వెనకున్నవాళ్ళు ముందుకి వంగి చూస్తున్నారు. ఒకావిడ అయితే కళ్ళార్పకుండా చూస్తూనే నిలబడింది.

చెప్పండి, నా చోట మీరుంటే ఏం చేస్తారు? ఇన్ని నెలలు కష్టపడి మొన్న మొన్ననే కోలుకున్న బిడ్డ. ఇంతమంది కళ్ళు. నా సంచీలో కాటుక భరిణె ఎప్పుడూ ఉంటుంది. నేను స్వయంగా ఆముదం దీపం మీద పట్టి, నెయ్యి వేసి మెదిపిన కాటుక. ఎండకి కాస్త మెత్తబడింది. పిల్ల నీళ్ళ సీసా కోసం అటు వెళ్ళినప్పుడు, చూపుడువేలితో మందంగా తీసి, ఎడమ దవడ కింద పెట్టాను. అక్కడే ఎందుకంటే, అక్కడ వెంట్రుకలు లేవు, రాలినచోట నున్నగా ఉంది, కాటుక బాగా పట్టుకుంటుంది. పెట్టి, మెటికలు విరిచి, నిశ్చింతగా పెయ్యకి కుడివైపుకి వచ్చి నిలబడ్డాను. అది ఊరుకుంటుందా? కింద పరిచిన ఎండుగడ్డికి దవడ రుద్దుకుంది. పొట్టు, నలుసులు ఆ కాటుకకి అంటుకుని, చుక్క కాస్తా బుడిపెలా తేలింది. నేను ఇటువైపు ఉన్నాను గదా, అదేమీ చూడలేదు.

మా వంతు వచ్చింది. గేటు డాక్టరమ్మ చిన్న వయసుది, చేతులకి నీలం తొడుగులు. పెయ్య చెవులు చూసింది, కళ్ళు చూసింది, మెడ తడిమింది. "గుడ్, గుడ్" అంటోంది. ఎడమవైపు వంగింది. వంగి, లేవలేదు. పక్కనున్న ఆయన్ని పిలిచి ఏదో అంది. ఆ మాటల్లో నాకు ఒక్కటి తెలిసింది. పాపిల్లోమా.

పిల్ల మొహంలో నెత్తురు లేదు. "నో. ఇట్ ఫెల్ ఆఫ్. యెస్టర్‌డే. ఐ ప్రామిస్" అంటోంది. డాక్టరమ్మ ఏదో మెత్తగా చెబుతూనే తాడు పట్టుకుని పెయ్యని వరసలోంచి పక్కకి నడిపించింది.

నేను ఊరుకోగలనా? ఇన్ని నెలల చదువు ఇంకెందుకు? పెయ్య వీపు మీదుగా తల ఎత్తి గట్టిగా అన్నాను: "నో పాపిల్లోమా! నో సెసైల్! నో పెడంకులేటెడ్! ఆల్ గాన్!"

డాక్టరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "ఆల్? చాలా ఉండేవా?" అని అడిగింది.

"యెస్ యెస్, మెనీ మెనీ! ఐ! నెక్! హియర్! హియర్! కాలీఫ్లవర్!" అని ఒక్కొక్క చోటా వేలెత్తి చూపించాను. వెనకున్న కుటుంబం వాళ్ళ దూడని చెవి పట్టుకుని అవతలికి లాగేసింది. కళ్ళార్పకుండా చూసినావిడ ఇప్పుడు అసలు కనబడలేదు.

"అమ్మమ్మా, స్టాప్, ప్లీజ్..." అంటూ పిల్ల నా చేతిని పట్టుకుని కిందికి దించింది. దించి, నా వేలు చూసింది. తిప్పి మళ్ళీ చూసింది.

"నీ ఫింగర్ ఎందుకు బ్లాక్‌గా ఉంది?"

"కాటుక."

"ఎవరికి పెట్టావ్?"

నేను పెయ్య వైపు చూశాను. అది నా వైపు చూసింది. మా ఇద్దరిలో ఎవరం నోరు విప్పలేదు.

పిల్ల చటుక్కున పెయ్య మెడ కింద నుంచి దూరి అటు వెళ్ళింది. చూసింది. తర్వాత దానికి ఏడుపు వచ్చిందో నవ్వు వచ్చిందో నాకిప్పటికీ తెలీదు, రెండూ ఒకేసారి వచ్చాయి. కూలబడి, పొట్ట పట్టుకుని, "ఇట్స్ ఐలైనర్! మా అమ్మమ్మ పెట్టింది! ఇట్స్ జస్ట్ ఐలైనర్!" అంటోంది.

"ఆవుకి ఐలైనరా?" అంది డాక్టరమ్మ.

తడి గుడ్డ తెచ్చి తుడిచింది. నెయ్యి కాటుక నీళ్ళకి పోతుందా? దవడంతా పామింది. మల్లెపువ్వులాంటి బుగ్గ పొయ్యి మీది గిన్నె అడుగులా తయారైంది. కానీ కింద చర్మం నున్నగా, లేతగా, బుడిపె అన్నది లేకుండా ఉంది. డాక్టరమ్మ బొటనవేలితో అటూ ఇటూ నొక్కి చూసింది. మెడ మీద, కంటి పక్కన, నేను వేలు చూపించిన ప్రతి చోటా మళ్ళీ వెతికింది. పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. నేనూ బిగబట్టాను. పెయ్య ఒక్కటే తాపీగా నెమరు వేసింది.

"క్లీన్" అంది డాక్టరమ్మ చివరికి. "అంటే, జబ్బు సంగతిలో. ఇంతకీ ఇదెందుకు పెట్టారు?"

"మా ఇంట్లో ఎవరైనా టూ ప్రెట్టీగా ఉంటే పెడతారు. పీపుల్ స్టేర్ చేస్తారు కదా, అందుకు" అని పిల్ల ఇంగ్లీషులో చెప్పింది.

డాక్టరమ్మ పెయ్యనీ, నన్నూ, నా వేలినీ చూసి, తొడుగులు విప్పుతూ, "వచ్చే ఏడు నల్ల వెంట్రుకల మీద పెట్టమను. నాకు కనబడకుండా" అంది. గేటు తీసింది.

బరిలో మా పిల్ల తెల్ల చొక్కాలో నడిచింది. తల ఎత్తి, గొట్టం పట్టుకున్నట్టే తాడు పట్టుకుని. పెయ్య ఎంతో మర్యాదగా నడిచింది, ఆ మసిబుగ్గతో. పెద్ద టోపీ పెట్టుకున్న జడ్జి మా దగ్గర ఆగి, ఈ ఎండాకాలం దీనికేమైనా జబ్బు చేసిందా అని అడిగాడు. పిల్ల మొదలుపెట్టింది. పాపిల్లోమా అంది, వైరస్ అంది, తాళ్ళూ బ్రష్‌లూ కలపకూడదంది. చివరిదాని దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆ పేరు రావడం లేదు. కంచె అవతల నా నాలుక చివర ఆ మాట తహతహలాడుతోంది. మా అమ్మాయి నా నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది, గేటు సంగతి దానికి అప్పటికే తెలిసిపోయింది.

పిల్ల ఒక్కసారి నా వైపు చూసి, జడ్జితో, "అది వంకాయలా తొడిమకి వేలాడుతుంది" అని ఇంగ్లీషులో అంది.

జడ్జి పడీపడీ నవ్వాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. మొదటి బహుమతి రాలేదు. రెండోదీ రాలేదు. అందరికీ ఇచ్చే రిబ్బను ఒకటి ఇచ్చారు, ఆకుపచ్చది. పిల్ల దాన్ని పెయ్య తాడుకి కట్టి, ఆ మసిబుగ్గ మీదే ముద్దు పెట్టుకుని, తన మూతికీ మసి పూసుకుంది. అల్లుడుగారు రుమాలు విప్పేసి చప్పట్లు కొడుతూ, తుమ్ముతూ, "ఆ షైన్ చూశారా అత్తయ్యా, మా డోర్లకి కూడా రాదు" అన్నారు. మా అమ్మాయి చెవిలో ఆ రోజు యంత్రం లేదు.

సాయంత్రం మొక్కు తీర్చాను. డాష్‌బోర్డు అరలోంచి మూట తెచ్చి, పెయ్య ముందే గుడ్డ పరిచి విప్పాను. అది ఉప్పంతా రెండు నాకుళ్ళలో నాకేసింది. మిరియాలు ముక్కులోకి పోయి, నలుగురి మీదా పడేలా తుమ్మింది.

"గాడ్‌కి అందిందా?" అంది పిల్ల మొహం తుడుచుకుంటూ.

"అందకుండా ఉంటుందా? నీకు అందలా?" అన్నాను.

దారిలో వెనక సీట్లో నా ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నప్పటిలా నా గడ్డం కింది పులిపిరి పట్టుకుని తిప్పుతూ, కళ్ళు మూతలు పడుతుండగా అంది: "అమ్మమ్మా, గుర్తొచ్చింది. పెడంకులేటెడ్. నీది కూడా అదే. నిన్ను షోకి రానివ్వరు."

ఇదీ సంగతి. ఇంత ఓపిగ్గా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పాలు పొంగాలి, మీ పిల్లలు నున్నటి బుగ్గలతో, నిండు కడుపులతో తిరగాలి. వాళ్ళు కోరుకున్న గేటు ఏదైనా సరే వాళ్ళకి తెరుచుకోవాలి. ఏ కన్నూ మీ గడప మీద పడకూడదు. పడుతుందేమోనని చుక్క పెడతారా, పెట్టండి, మంచిదే. కాకపోతే నల్ల వెంట్రుకల మీద పెట్టండి.